రెండు రూపాయల లెక్క : లెక్కపట్టికలయందు పరదేశ నాణెములను చూపు పద్ధతి

విద్యార్థులారా! నాణెముల పేరు ఒక్కటియైనంత మాత్రమున వాని విలువ యొక్కటి కానేరదు. ఈ సంగతిని మన వికారాబాదు, తాండూరు ప్రాంతముల పెద్దలు ఏ గణితపుస్తకమునందును చదువకయే యెఱిగియుండిరి. ఏలయన వారి కాలమున రెండు విధముల రూపాయలు వ్యవహారములో నుండెను. నేడు మనము కంప్యూటరుపై లెక్కలు వ్రాయుచున్నాము. రూపాయలతోపాటు డాలర్లు, దీనారులు, దిర్హములు కూడ మన పద్దులలోనికి వచ్చుచున్నవి. పనిముట్టు మాఱినది గాని చిక్కు మాఱలేదు. ఆ చిక్కును విడదీయు పద్ధతిని క్రమముగా తెలిసికొనుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము. కూడిక, గుణకారము, దశాంశములు తెలిసినవారి కిందులో కఠినమైన దేదియు లేదు.

1. హాలీ, కల్దారు

నిజాము ప్రభుత్వకాలమున హైదరాబాదు సంస్థానమునకు సొంత నాణెము లుండెను. వానిని హాలీ సిక్కా యనియు, తరువాతి కాలమున ఉస్మానియా సిక్కా యనియు పిలిచెడివారు. బ్రిటిషు ఇండియాలో చెల్లుబడియగు రూపాయిని మన ప్రాంతమువారు కల్దారు అనిరి. 'కల్' అనగా యంత్రము. యంత్రముచే ముద్రింపబడినది గనుక దానికా పేరు వచ్చెను. 1918లో హైదరాబాదు ప్రభుత్వము తన సొంత కాగితపు నోట్లను కూడ వెలువరించెను.

ఈ రెండు నాణెములకును పేరు రూపాయియే. రెండింటికిని పదునాఱణాలే. అణాకు పండ్రెండు పైలే. కావున రూపాయికి 192 పైలు అను లెక్క రెంటికిని సమానము. ఐనను విలువ సమానము కాదు. 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ యను నిష్పత్తి వ్యవహారమున నుండెను. పది అణాల ఎనిమిది పైలను పైలుగా మార్చిన 128 యగును; 128ని 192చే భాగింపగా మూడింట రెండువంతులు వచ్చును. అనగా 100 కల్దారులకు నూటపదునాఱున్నర కంటె కొంచెము హెచ్చు హాలీలు. దీనినే సులభముగా చెప్పుకొనిన, ఏడు హాలీలకు ఆఱు కల్దారులు.

వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో రైలుమార్గము తెఱవబడెను. తాండూరు, వికారాబాదులు రెండును ఆ మార్గముననే యున్నవి. వాడి స్టేషనులో నీ మార్గము బొంబాయి రైలుతో కలిసెను. బొంబాయి, షోలాపురముల నుండి వచ్చు సరకునకు వెల కల్దారులో నుండును. ఊరిలో నిచ్చు కూలి, అద్దె, పన్ను హాలీలో నుండును. ఒకే దుకాణపు చిట్టాలో రెండును చేరుచుండెను.

ఇప్పు డొక ఉదాహరణమును కల్పించుకొందము. ఒక వర్తకుడు అద్దెకు 70 రూపాయల హాలీని, బొంబాయి గుడ్డలకు 60 రూపాయల కల్దారును చెల్లించెను. క్రొత్తగా చేరిన గుమాస్తా రెండు పద్దులకును 'రూ.' అని మాత్రము వ్రాసి కూడి 130 అని మొత్తము వేసెను. ఈ 130 ఏమి? 70 హాలీలు 60 కల్దారులకు సమానము గనుక అసలు ఖర్చు 120 కల్దారులు. లేదా 140 హాలీలు. 130 అను సంఖ్య కల్దారును కాదు, హాలీయును కాదు. కూడికలో తప్పు లేదు. అంకెలలో తప్పు లేదు. ఐనను మొత్తము అసత్యము. ఇట్టి పొరపాటు పేదవానికి జరిగిన ఏడు రూపాయల కూలిలో ఒక రూపాయి పోయినట్లే. ఏడు హాలీలకు ఏడు కల్దారులు ఇచ్చినవాడును, ఆఱు కల్దారులు రావలసినచోట ఆఱు హాలీలు పుచ్చుకొన్నవాడును నష్టపడుదురు.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. 1950లో భారత రూపాయి యిక్కడ ప్రవేశపెట్టబడెను. ఆ మీద కొన్ని సంవత్సరములకు హాలీ పూర్తిగా తొలగిపోయెను. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి అణాలు, పైలు పోయి రూపాయికి నూఱు పైసలను దశాంశపద్ధతి వచ్చెను. హాలీ పోయినది కాని అది నేర్పిన పాఠము పోవలసినది కాదు. నేటికిని నేపాలు దేశపు నాణెము పేరు రూపాయియే. 1993నుండి 160 నేపాలు రూపాయలు 100 భారత రూపాయలకు సమానముగా నిలుపబడియున్నవి. పాకిస్తాను, శ్రీలంక, మారిషస్ దేశముల నాణెములును రూపాయలే. వాని విలువలు వేఱువేఱు.

2. లెక్కపట్టిక యనగా నేమి? స్క్రిప్టు అనగా నేమి?

పూర్వము పెద్ద కాగితముపై నిలువుగీతలు, అడ్డుగీతలు గీసి గడులలో జమాఖర్చులు వ్రాసెడివారు. ఆ కాగితమునే కంప్యూటరు తెఱపైకి తెచ్చినచో అది స్ప్రెడ్‌షీటు. 1979లో విసికాల్క్ అను పేర వచ్చినది చిన్న కంప్యూటరులకు మొదటి స్ప్రెడ్‌షీటు. 1985లో ఎక్సెల్ వచ్చెను. ఈ పాఠమున దీనిని లెక్కపట్టిక యని పిలిచెదము.

పట్టికను చేతితో నింపవచ్చును. నూఱు పద్దులకు చేయి చాలును. పదివేల పద్దులకు చాలదు. అప్పుడు కంప్యూటరునకు ముందుగా ఆజ్ఞలను వరుసగా వ్రాసియిత్తుము. ఆ యాజ్ఞల వరుసయే స్క్రిప్టు. పైథాన్ అను భాషలో నిట్టి పనికై ఓపెన్‌పైఎక్సెల్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్ రైటర్ అను సాధనసంపుటములు గలవు. స్క్రిప్టు గడిలో సంఖ్యను వ్రాయును. ఆ గడి యెట్లు కనబడవలెనో కూడ చెప్పును. చెప్పనిచో తన యిష్టము వచ్చినట్లు కనబడును. సేవకుడు తెలివిగలవాడైన మనము మఱచిన మాటను తానే యూహించుకొనును, స్క్రిప్టు ఊహింపదు. మనము తప్పు చెప్పినచో పదివేల గడులలోను అదే తప్పును శ్రద్ధగా చేయును.

3. విలువ వేఱు, వేషము వేఱు

ఈ పాఠమున మిక్కిలి ముఖ్యమైన విషయ మిదియే. గడిలో రెండు వస్తువులున్నవి. ఒకటి లోపల దాగియున్న సంఖ్య, అది విలువ. రెండవది పైకి కనబడు రూపము; అది వేషము. నాటకములో నొకడే నటుడు రాజు వేషమున వచ్చినను బంటు వేషమున వచ్చినను మనిషి యొకడే. అట్లే 1250 అను సంఖ్యను 1,250.00 అని చూపినను, ₹1,250 అని చూపినను లోపలి సంఖ్య మాఱదు.

దీనినుండి రెండు ఫలములు కలుగుచున్నవి.

మొదటిది: గడికి డాలరు గుర్తు తగిలించినంత మాత్రమున రూపాయలు డాలర్లు కావు. 70 హాలీల పద్దుకు కల్దారు గుర్తు పెట్టినవాడు మార్పిడి చేసినవాడు కాడు, అబద్ధము వ్రాసినవాడు. మార్పిడి యనునది గుణకారముచే జరుగవలెను గాని గుర్తుచే జరుగదు.

రెండవది: గుర్తును, కామాలను సంఖ్యలోనే కలిపి వ్రాయరాదు. అనేకులు స్క్రిప్టులో "₹1,23,456" అని గుర్తుతో కామాలతో కూర్చిన మాటను గడిలో వ్రాయుదురు. చూచుటకు చక్కగనే యుండును. కాని అది సంఖ్య కాదు, అక్షరముల వరుస. అట్టి గడులను 'సమ్' అను కూడిక సూత్రమునకు అప్పగించిన, అది వానిని లెక్కలోనికి తీసికొనదు. నిలువు వరుసలోని గడులన్నియు నట్టివే యైనచో మొత్తము సున్న వచ్చును. సున్న వచ్చినచో మేలే. తప్పు వెంటనే తెలియును. పది గడులలో ఎనిమిది సంఖ్యలు, రెండు మాటలు ఉన్నచో ఎనిమిదింటి మొత్తము మాత్రమే వచ్చును, ఎవరును అనుమానింపరు. ఇదియే మిక్కిలి అపాయకరము.

కావున స్క్రిప్టు గడిలో 123456 అను శుద్ధసంఖ్యనే వ్రాయవలెను. గుర్తు, కామాలు, దశాంశస్థానములు మున్నగు అలంకారములను వేఱుగా చెప్పవలెను. ఆ చెప్పుమాటనే నంబర్ ఫార్మాట్ అందురు, మనము రూపసూత్రమందము.

4. రూపసూత్రమును వ్రాయు విధము

రూపసూత్రమునందు కొన్ని చిహ్నములే యున్నవి.

0 — ఈ స్థానమున అంకె తప్పక యుండవలెను. లేనిచో సున్న వేయవలెను.
# — అంకె యున్న చూపవలెను, లేనిచో విడువవలెను.
. — దశాంశపు చుక్క.
, — వేల విభాగము.
" " — ఈ రెండు గుర్తుల నడుమ నున్నదానిని ఉన్నదున్నట్లు చూపవలెను.
; — విభాగములను వేఱుచేయునది.

ఉదాహరణమునకు

#,##0.00

అను సూత్రము 1250 అను సంఖ్యను 1,250.00 అని చూపును, అర్ధరూపాయిని 0.50 అని చూపును. చివర 0.00 అని లేక #.## అని వ్రాసినచో అర్ధరూపాయి .5 అని తల లేక తోక లేక కనబడును. పద్దులలో నది శోభింపదు.

మన పాత నాణెములను పట్టికలో చూపవలెనన్న

"హాలీ "#,##0.00
"కల్దారు "#,##0.00

అని వ్రాయవచ్చును. తెలుగు మాటకు నడ్డి లేదు. లోపలి సంఖ్య సంఖ్యగానే యుండును గనుక కూడికకు భంగము లేదు. అణాలను చూపు చిన్న యుపాయము కూడ గలదు.

# ??/16

అను సూత్రము 12.5 రూపాయలను 12 8/16 అని చూపును. అనగా పండ్రెండు రూపాయల ఎనిమిదణాలు. పాత చిట్టాలను కంప్యూటరులో నెక్కించు చరిత్రాభిమానుల కిది యుపయోగపడును. ఐతే ఇందు పైలు కనబడవు. దగ్గఱి అణాకు సవరింపబడును.

సెమికోలనుతో సూత్రమును విభాగములు చేసిన, మొదటిది ధనసంఖ్యలకు, రెండవది ఋణసంఖ్యలకు, మూడవది సున్నకు, నాలుగవది మాటలకు వర్తించును.

#,##0.00;(#,##0.00);"లేదు"

అనగా ఋణసంఖ్యలను కుండలీకరణములలో చూపుము, సున్న యున్నచోట 'లేదు' అని చూపుము అని యర్థము.

పరదేశ నాణెముల గుర్తులను చతురస్ర కుండలీకరణములలో నుంచుట యెక్సెల్ సంప్రదాయము.

అమెరికా డాలరు: [$$-409]#,##0.00
యూరో, జర్మను పద్ధతి: #,##0.00 [$€-407]
జపాను యెన్: [$¥-411]#,##0
భారత రూపాయి: [$₹-4009]#,##0.00

కుండలీకరణములోపల మొదటి డాలరు గుర్తు 'ఇది నాణెపు గుర్తు' అని తెలుపు సంకేతము మాత్రమే. దాని తరువాత నున్నది చూపవలసిన గుర్తు. గీత తరువాతి సంఖ్య దేశభాషలను తెలుపు సంకేతసంఖ్య. మన రూపాయి గుర్తు ₹ను భారత ప్రభుత్వము 2010 జూలై 15న అంగీకరించెను. ఉదయకుమార్ దానిని రచించెను. అంతకు పూర్వపు అక్షరరూపములలో నా గుర్తు లేదు. కావున మిక్కిలి పాత కంప్యూటరులో దానిచోట ఖాళీ చతురస్రము కనబడినచో ఆశ్చర్యపడరాదు.

5. లక్షలు, మిలియనులు

#,##0 అను సూత్రము అంకెలను మూడేసిగా విభజించును. పాశ్చాత్యులకు వేయి, మిలియను, బిలియను అను మెట్లు గలవు. మనకు వేయి, లక్ష, కోటి. 12345678 అను సంఖ్యను వారు 12,345,678 అని వ్రాయుదురు; మనము 1,23,45,678 అని వ్రాసి 'ఒక కోటి యిరువదిమూడు లక్షల నలువదియైదువేల ఆఱువందల డెబ్బదియెనిమిది' అని చదువుదుము. కామా యనునది కంటికి విశ్రాంతిస్థానము. అది మనము చదువు మెట్టుమీద పడనిచో కన్ను తడబడును. పెద్ద మొత్తములలో ఒక సున్న యెక్కువయైనను తెలియదు.

కంప్యూటరు భారతదేశపు అమరికలో నున్నచో ఎక్సెల్ #,##0 సూత్రమును సైతము లక్షల పద్ధతిలో చూపును. కాని మన స్క్రిప్టు తయారుచేసిన పట్టికను ఎవరెచ్చట తెఱచెదరో మన కెఱుక లేదు. ఎచ్చట తెఱచినను లక్షలే కనబడవలెనన్న ఈ సూత్రము వాడుకలో నున్నది:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

దీని భావము సులభము. కోటియు అంతకు మించినదియు నైన మొదటి విభాగము, లక్షయు అంతకు మించినదియు నైన రెండవది, తక్కినవన్నియు మూడవది. వాలుగీత వెనుక నున్న కామా విభాగచిహ్నము కాదు, ఆ స్థానమున నట్లే ముద్రింపవలసిన కామా.

ఐనను ఇందొక లోపము గలదు. ఋణసంఖ్య యెంత పెద్దదైనను లక్షకంటె తక్కువయే గనుక మూడవ విభాగములో పడును. పండ్రెండు లక్షల అప్పు -12,34,567.00 అని కాక -1,234,567.00 అని కనబడును. దీనికి మంచి పరిహారము మన చిట్టాలలోనే యున్నది. జమ యొక నిలువు వరుసలో, ఖర్చు వేఱొక నిలువు వరుసలో వ్రాయుము. అప్పుడు రెండు వరుసలందును ధనసంఖ్యలే యుండును. సూత్రమునకు లోపము రాదు.

6. చుక్కయా, కామాయా?

దశాంశస్థానములు అన్ని నాణెములకు రెండే యని తలచువారు చాలమంది. అది సరికాదు. జపాను యెన్‌కు వాడుకలో దశాంశములు లేవు. డాలరు, యూరో, రూపాయి, సౌదీ రియాలు, ఎమిరేట్ల దిర్హము — వీనికి రెండు స్థానములు. కువైటు దీనారునకు, బహ్రయిను దీనారునకు, ఒమాను రియాలునకు మూడు స్థానములు. ఒక కువైటు దీనారునకు వేయి ఫిల్సులు.

మన తెలుగువా రనేకులు గల్ఫు దేశములలో కష్టించి యింటికి ధనము పంపుచున్నారు. కువైటునుండి వచ్చిన చీటిలో 1.250 అని యున్నదనుకొందము. కువైటు లెక్కలో అది ఒక దీనారు రెండువందల యేబది ఫిల్సులు. అనగా ఒకటింపావు దీనారు. జర్మనీలో కామా చేయవలసిన పని చుక్కయు, చుక్క చేయవలసిన పని కామాయు చేయును, అచ్చటివారు 1.250ని వేయిన్ని రెండువందల యేబది యని చదువుదురు. ఒకే గుర్తుల వరుస. ఫలము వేయిరెట్లు భేదము. చదువరి యెవరో తెలియక స్క్రిప్టు ఊహపై చదివినచో ఒక కుటుంబపు నెలజీతము వేయిరెట్లు పెరుగును లేదా వేయవవంతునకు తరుగును.

ఇంకొక చిన్న సంగతి. ఇదే కువైటులో 1961వఱకు రూపాయియే చెల్లుబడిగా నుండెను. భారత రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫు రూపాయి యను ప్రత్యేకపు నోట్లను ఆ దేశములకై వెలువరించెను. 1961లో దీనారు వచ్చినప్పుడు ఒక దీనారునకు పదమూడు రూపాయల మూడవవంతు అను లెక్కన మార్చిరి. అచ్చటి పెద్దలును మన పెద్దలవలెనే ఒక నాణెమునుండి వేఱొక నాణెమునకు పద్దులు తిరుగవ్రాసినవారే.

దీనారునకు సూత్రము

"కువైటు దీనారు "#,##0.000

అని యుండవలెను. రెండు స్థానముల సూత్రము పెట్టినచో 1.258 దీనారులు 1.26గా కనబడును; లోపలి విలువ చెడకున్నను, కాగితముపై అచ్చువేసి యిచ్చినప్పుడు పుచ్చుకొన్నవాడు చూచునది ఆ కాగితమునే గదా.

రూపసూత్రమును ఫైలులో వ్రాయునప్పుడు మాత్రము సదా చుక్కనే దశాంశమునకు, కామానే వేల విభాగమునకు వాడవలెను. ఫైలులో సూత్రము ఆంగ్లపద్ధతిలోనే నిలువచేయబడును. జర్మనీలో తెఱచినవానికి ఎక్సెల్ తానే తిప్పి చూపును. స్క్రిప్టు వ్రాయువాడు ముందుగానే తిప్పినచో రెండుమాఱులు తిరిగి చెడును.

7. గుర్తు చాలదు, పేరు కావలెను

'రూ.' అను గుర్తు హాలీ కల్దారులను వేఱుచేయలేకపోయెను. నేడు $ అను గుర్తు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూరు, హాంకాంగు డాలర్ల కన్నిటికిని చెల్లుచున్నది. వీని విలువలు సమానములు కావు. ¥ అను గుర్తు జపాను యెన్‌కును, చైనా యువాన్‌కును కూడ వాడబడుచున్నది. తమ బిడ్డను పైచదువునకు పంపదలచిన తలిదండ్రులు రెండు కళాశాలల రుసుములను పట్టికలో ప్రక్కప్రక్కన పెట్టి, రెంటికిని $ గుర్తే యుండుటచే అంకెలను మాత్రమే పోల్చి చూచినచో, అగ్గువైనది యేదో ప్రియమైనది యేదో తెలియక మోసపోవుదురు.

ఈ చిక్కునకు ప్రపంచమంతయు అంగీకరించిన పరిహారము మూడక్షరముల సంకేతము. 4217 అను అంతర్జాతీయ ప్రమాణము ప్రతి నాణెమునకు మూడేసి ఆంగ్లాక్షరముల పేరు నిర్ణయించెను. 1978లో అది మొదట ప్రకటింపబడెను. భారత రూపాయికి ఐఎన్ఆర్, నేపాలు రూపాయికి ఎన్‌పిఆర్, అమెరికా డాలరునకు యూఎస్‌డి, ఆస్ట్రేలియా డాలరునకు ఏయూడి, కువైటు దీనారునకు కేడబ్ల్యూడి. మొదటి రెండక్షరములు సాధారణముగా దేశమును, మూడవది నాణెమును తెలుపును.

కావున మంచి పట్టికలో మొత్తమునకు ఒక నిలువు వరుస, సంకేతమునకు వేఱొక నిలువు వరుస యుండవలెను. గుర్తు కంటికి; సంకేతము లెక్కకు. గుర్తు పోయినను సంకేతమున్న పద్దు బ్రదుకును. ముఖ్యముగా స్క్రిప్టు శుద్ధసంఖ్యలను కామాలతో వేఱుచేసిన సాదా ఫైలుగా వ్రాసినప్పుడు రూపసూత్రములన్నియు నశించును. లోపలి సంఖ్యలు మాత్రమే మిగులును. అప్పుడు హాలీ యేదో కల్దారేదో చెప్పునది సంకేతపు వరుస యొక్కటియే. అట్టి ఫైలులో 1,23,456 అని కామాలతో వ్రాసినవానికి మఱియొక శిక్ష గలదు: ఒక్క మొత్తము మూడు గడులుగా చీలిపోవును.

8. మార్పిడియు, సవరణయు

హాలీకి నిష్పత్తి స్థిరముగా నుండెను. నేటి నాణెములలో పెక్కింటికి నిష్పత్తి దినదినము మాఱుచుండును. కావున పట్టికలో మార్పిడి ధర యొక వరుసలో, ఆ ధర యే తేదీదో యింకొక వరుసలో వ్రాయవలెను. రూపాయలలో విలువ అను వరుసను మాత్రము చేతితో వ్రాయక, మొత్తమును ధరచే గుణించు సూత్రముగా నుంచవలెను. అప్పుడు ఎవరైనను వచ్చి 'ఈ సంఖ్య యెట్లు వచ్చినది?' అని యడిగిన పట్టికయే జవాబు చెప్పును.

మార్పిడిలో దశాంశములు తెగవు. 100 హాలీలను ఆఱుచే గుణించి యేడుచే భాగించిన 85.714285... అని సాగిపోవును. రూపసూత్రము 85.71 అని చూపును. లోపల పూర్తిసంఖ్య యుండును. ఇట్టి పద్దులు మూడున్నచో చూపున 85.71ని మూడుమాఱులు కూడిన 257.13 రావలెను, పట్టిక 257.14 అని చూపును. పైస తేడా! కంప్యూటరు తప్పు చేసినదని కొందఱందురు. తప్పు లేదు, అది వేషములను కూడలేదు, విలువలను కూడినది. ఐనను చెల్లింపులు జరుగునది పైసలతోనే గనుక, ప్రతి పద్దును మార్చిన వెంటనే విలువనే రెండు స్థానములకు సవరించి, ఆ పిమ్మట కూడుట పద్దులకు క్షేమము. ఆ సవరణకు 'రౌండ్' అను సూత్రము గలదు. రూపసూత్రము సవరణ చేయదని మఱువరాదు.

9. స్క్రిప్టు వ్రాయు క్రమము

ఒక ఉదాహరణమును గైకొందము. తాండూరులో బండల వ్యాపారమున్నదని మీరెఱుగుదురు. ఒక వర్తకుడు బెంగుళూరునకు 2,35,000 రూపాయల బండలను, దుబాయికి 4,800 దిర్హముల బండలను, కువైటునకు 1,250 దీనారుల బండలను అమ్మెననుకొందము. మూడు సంఖ్యలను ఒకే వరుసలో వ్రాసి కూడిన 2,41,050 వచ్చును. అది మన గుమాస్తాగారి 130 వంటిదే. ఏ దేశపు ధనమును కాదు. దీనిని సరిగా వ్రాయు స్క్రిప్టు ఈ క్రమమును పాటింపవలెను.

(1) వచ్చిన చీటిలోని గుర్తులను, కామాలను తొలగించి శుద్ధసంఖ్యను చేయుము. చుక్క దశాంశమో విభాగమో ముందుగానే నిశ్చయించుకొనుము, ఊహకు విడువకుము.

(2) సంఖ్య నొక గడిలో, సంకేతమును ప్రక్కగడిలో వ్రాయుము. సంకేతము లేని పద్దును చేర్చుకొనక, వేఱుగా నుంచి మనిషికి చూపుము.

(3) ప్రతి సంకేతమునకు రూపసూత్రము చెప్పు చిన్న జాబితాను స్క్రిప్టు ఆరంభముననే వ్రాయుము. రూపాయికి లక్షల సూత్రము, దిర్హమునకు రెండు స్థానములు, దీనారునకు మూడు. క్రొత్త నాణెము వచ్చినచో జాబితాలో నొక్క పంక్తి చేర్చిన చాలును.

(4) జాబితాను చూచి ప్రతి గడికి దాని సూత్రమును తగిలింపుము. నిలువు వరుసకంతకు ఒకే సూత్రము తగిలింపకుము. వరుసలో మూడు దేశముల ధనమున్నది.

(5) ధర, తేదీ, రూపాయలలో విలువ అను మూడు వరుసలను చేర్చుము.

(6) పరదేశ మొత్తములను సంకేతము ననుసరించి వేఱువేఱుగా కూడుము. దీనికి 'సమ్‌ఇఫ్' అను సూత్రము గలదు. అన్నిటిని కలిపిన మహామొత్తము రూపాయల వరుస క్రింద మాత్రమే యుండవలెను.

(7) నిలువు వరుసను తగినంత వెడల్పు చేయుము. ఇఱుకైన గడిలో సంఖ్య పట్టనిచో ##### అని కనబడును. ధనము పోయినదని భయపడ నక్కఱలేదు. గడి వెడల్పు చేసిన మరల కనబడును.

(8) పట్టికను తెఱచి, ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క పద్దును కాగితముపై చేతితో లెక్కించి సరిచూడుము. ఓపెన్‌పైఎక్సెల్ సూత్రములను వ్రాయును గాని వాని ఫలమును తాను లెక్కింపదు. పట్టికను ఎక్సెల్ వంటి సాధనమున తెఱచినప్పుడే ఫలము తెలియును. కావున తెఱచి చూడని పట్టికను ఎవరికిని పంపరాదు.

10. అభ్యాసములు

(1) 350 హాలీలకు ఎన్ని కల్దారులు?

(2) 58 రూపాయల 5 అణాల 4 పైల హాలీని కల్దారుగా మార్చుము. (సూచన: 5 అణాల 4 పైలు రూపాయిలో నెన్నవవంతో ముందుగా కనుగొనుము.)

(3) 4,000 నేపాలు రూపాయలను భారత రూపాయలుగా మార్చుము.

(4) 987654321 అను సంఖ్యను మన పద్ధతిని, పాశ్చాత్యపద్ధతిని కామాలతో వ్రాయుము.

(5) ఒమాను రియాలునకు రూపసూత్రమును వ్రాయుము.

(6) ఒక నిలువు వరుసలో పది మొత్తములున్నవి. 'సమ్' చెప్పిన మొత్తము చేతితో కూడినదానికంటె తక్కువగా నున్నది. కారణ మేమై యుండును?

జవాబులు: (1) 300. (2) 50. (3) 2,500. (4) 98,76,54,321, 987,654,321. (5) "ఒమాను రియాలు "#,##0.000. (6) కొన్ని గడులలో సంఖ్యకు బదులు మాట వ్రాయబడియుండును.

చదువరులారా! లెక్కపట్టిక యెంత అందముగా నున్నను అది యొకరి ధనమును గూర్చి యింకొకరితో చెప్పు మాట. అందు మూడు సంగతులు స్పష్టముగా నుండవలెను: ఎంత, ఏ నాణెము, ఏ ధరకు. ఈ మూడింటిలో నొక్కటి లోపించినను చదువువాడు తన యూహతో నింపుకొనును. ఆ యూహయే నష్టమునకు మూలము. హాలీ కల్దారుల కాలమున శ్రద్ధగల గుమాస్తా ప్రతి పద్దు ప్రక్కను నాణెము పేరు వ్రాసెను. నేటి స్క్రిప్టు వ్రాయు విద్యార్థియు అదే పనిని చేయవలెను. సంఖ్యను శుద్ధముగా నుంచుము. వేషమును వేఱుగా తొడుగుము. పేరును ఎన్నడును విడువకుము.